ఆరో రెక్క

రాత్రి 11 దాటింది. సబ్బు సగం అరిగినా చేతులకి గ్రీజు వాసన పోలేదు. మా ఆవిడ పాల గిన్నె విషయంలో అలిగి పడుకుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

పొద్దున కొబ్బరి దింపు ఉందని నేనూ బావా లంకకి బయల్దేరాం. ఎదుర్లంక వంతెన స్తంభాలు దాటామో లేదో పడవ ఇంజన్ గొంతు మారింది. తిరిగి చూస్తే పక్కనుంచి సన్నగా కారే ధార లేదు. చిన్నోడి భాషలో చెప్పాలంటే ఇంజన్ ఒంటేలికి వెళ్లడం మానేసింది. ఆ ధార కనబడితేనే లోపల నీళ్లు తిరుగుతున్నట్టు లెక్క. మూత తీసి చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. ఆపేశాను. గౌతమి పాటు మీద ఉంది, పడవ మెల్లగా సముద్రం వైపు జారుతోంది. బావ తెడ్డు తీశాడు, నోరూ తెరిచాడు.

"నే చెప్పలేదూ?"

ఎప్పుడు చెప్పాడు? అక్క ఇంట్లో గ్యాస్ అయిపోయినా ఈయన ముందే చెప్పి ఉంటాడు. వాన పడినా అంతే, పడకపోయినా అంతే.

ఇంజన్ కాలు, అంటే నీళ్లలో మునిగి ఉండే కింది భాగం, పైకెత్తి చూస్తే నీళ్లు పీల్చే జల్లెడకి గుర్రపుడెక్క వేళ్లు, ఒక పాల ప్యాకెట్ ముక్క. పీకేశాం. ధార వచ్చే కన్నంలో కొబ్బరి ఈనె పెట్టి తిప్పితే కాస్త మట్టి రాలి నీళ్లు చిమ్మాయి. ఎంత గర్వం నాకు! సరిగ్గా 10 నిమిషాలు. మళ్లీ ఆగింది.

పాటుకి ఎదురు తెడ్డేసుకుంటూ వెనక్కి. చాన్నాళ్లకి ఏటి మీద ఇంజన్ మోత లేకుండా వెళ్లాం, అది మాత్రం బాగుంది. రేవులోకి రాగానే అందరూ మెకానిక్కులే. ఆయిల్ తక్కువ కలిపావన్నారొకరు. మన ఎండలకి థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లదారి తెరిచే మూత) ఎందుకు, పీకి పారెయ్యమన్నారొకరు. అది లేకపోతే ఇంజన్ మరీ చల్లగా నడిచి పెట్రోలు సరిగ్గా మండదు. ఎవరికి చెప్తాం? ఇంటికొచ్చి దాన్ని విప్పి, పొయ్యి మీద నీళ్లలో వేశాను. నీళ్లు వేడెక్కగానే చక్కగా తెరుచుకుంది. తప్పు దానిది కాదు. ఆ గిన్నె పాలదని తర్వాత తెలిసింది.

ఇక మిగిలింది బావే. వేసవిలో పైనుంచి వచ్చే నీళ్లు తగ్గాక ఏటికి తోపు ఉండదు, పోటుకి ఉప్పునీళ్లు ఎగదన్నుకొస్తాయి. వాడిన రోజు సాయంత్రం ఇంజన్‌ని మంచినీళ్లతో కడక్కపోతే ఉప్పు లోపల గట్టిపడిపోతుంది. ఆ కడిగే పని బావది. "నీ బద్ధకం వల్లే బావా, దింపు కూలీలు ఎదురుచూసి వెళ్లిపోయారు" అన్నాను, అక్క ముందే. బావ ఏమీ అనలేదు. టీ తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. గ్లాసు కడగడం ఎప్పుడైనా చూశామా?

నాకు పదేళ్లప్పుడు లంకలో మిరపతోటకి నాన్న ఆయిల్ ఇంజన్ పెట్టేవారు. ఇంజన్‌లోంచి బయటికొచ్చే నీళ్ల కింద అరచెయ్యి పట్టి, గోరువెచ్చగా ఉంటే తలూపేవారు. ఆ తలూపుడు కోసం నేనూ చెయ్యి పట్టేవాణ్ణి. ఒక సాయంత్రం నన్ను కాపలా పెట్టి ఒడ్డు దాకా వెళ్లారు. గొట్టంలో పీతో ఏదో అడ్డుపడి నీళ్లు ఆగాయి, ఇంజన్ పొగలు కక్కింది. భయమేసి బకెట్ నిండా ఏటి నీళ్లు తెచ్చి దాని మీద కుమ్మరించాను. టప్ మని శబ్దం. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే హెడ్డు పగలదూ! నాన్న వచ్చి చూశారు, నా వైపూ చూశారు. కొట్టలేదు. మర్నాడు మేస్త్రీ వచ్చి ఎలా జరిగిందని అడిగితే, "ఇనుము పాతదోయ్" అన్నారు. ఆ ఏడు మిరప సగం ఎండిపోయింది.

చీకటి పడ్డాక కాలు విప్పి పంపు తెరిచాను. ఉప్పు గడ్డలు చూపించి బావ నోరు మూయించాలని నా ఆశ. ఉప్పేం లేదు, లోపలంతా శుభ్రంగా ఉంది. రోజూ కడిగినట్టే ఉన్నాడు. నీళ్లు తోడే రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, దాని రబ్బరు మాత్రం మాడి, అంచులు నున్నగా మెరుస్తున్నాయి. నీళ్లు లేకుండా తిరిగితేనే అలా మాడుతుంది. ఆ రబ్బరుకి నీళ్లే నూనె.

పోయిన ఆదివారం చిన్నోడి స్నేహితులు వస్తే, కొబ్బరిచెట్టు కింద స్టాండు మీదే తాడు లాగి స్టార్ట్ చేసి చూపించింది ఎవరు? కాసేపే కదా అనుకున్నాను. వాళ్లు ఈలలేస్తే మళ్లీ లాగాను. మూడోసారి కూడా.

బావకి చేద్దామని రెండుసార్లు ఫోన్ తీశాను. పడుకుని ఉంటాడు. పడుకోకపోయినా "నే చెప్పలేదూ" అంటాడేమో. ఈసారి అనడేమో అనేదే ఎక్కువ గుచ్చుతోంది.

కొత్త ఇంపెల్లర్ రేపు కాకినాడ నుంచి వస్తుంది. కానీ పాతదాని రెక్కలు లెక్కపెడితే అయిదే ఉన్నాయి. ఉండాల్సింది ఆరు. ఆ ఆరోది విరిగి నీళ్లదారిలో పైకి పోయి ఎక్కడో ఇరుక్కుంది. అది దొరక్కుండా కొత్తది బిగిస్తే మళ్లీ ఇదే కథ. టార్చి, కొబ్బరి ఈనె తీసుకుని పెరట్లోకి వెళ్తున్నాను.