ఎడమ చేత్తో అందుకోబోయిన గహ్వా

"బి యమీనక్!"

ముసలాయన ఆ మాట అంటూనే గహ్వా కప్పును, అంటే అరబ్బుల కాఫీ కప్పును, వెనక్కి తీసుకున్నాడు. అందుకోబోయిన నా ఎడమచేయి గాలిలో అలాగే ఉండిపోయింది. కుడిచేత్తో తీసుకో అన్నాడన్నమాట. నాకు వచ్చిన అరబ్బీ పని మాటలకు సరిపోయేంతే. దీనికి ఆ కాస్త అరబ్బీ కూడా అక్కర్లేదు. ఆ ముఖం నాకు తెలిసిన ముఖమే. గుడిలో ప్రసాదానికి ఎడమచేయి చాపినప్పుడు మణికట్టు మీద ఒక్కటేసి మా నానమ్మ పెట్టిన ముఖం.

ముప్పై నాలుగేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని. ఏ చేత్తో తీసుకోవాలో ఒక అరబ్బు నాకు నేర్పాలా? ఆ రాత్రి క్యాంపుకు వెళ్లే బస్సులో దారి పొడవునా ఇదే బాధ. తిట్టాడని కాదు. సైట్లో తిట్లు పడని రోజంటూ ఉంటుందా? తెలియని సంగతికి తిడితే దులుపుకొని పోవచ్చు. ఇది మాటలు రాకముందే వచ్చిన సంగతి.

2018 ఫిబ్రవరి మాట ఇది. రియాద్‌కు ఈశాన్యాన జనాద్రియా అనే చోట ఏటా పెద్ద సాంస్కృతిక ఉత్సవం జరిగేది. 1985లో ఒంటెల పందెంతో ముడిపడి మొదలైందట. సౌదీ నేషనల్ గార్డు నడిపించేది. అసీర్, జాజాన్, ఖసీం, ఇలా ఒక్కో ప్రాంతానికి అక్కడ ఒక్కో ఇల్లు. ఆ ప్రాంతపు గోడలు, తిండి, డప్పులు, ఆటలు అన్నీ ఆ ఇంట్లో, ఆ ఇంటి ముందరే. కత్తులు పట్టుకొని ఎదురెదురు వరుసల్లో నిలబడి, పద్యం అందుకుంటూ ఆడే అర్దా చూడాలంటే అక్కడే చూడాలి. రాజులు కూడా కత్తి పట్టి అడుగు కలిపే ఆట అది. ఏటా ఒక దేశాన్ని అతిథిగా పిలిచేవారు. 2016లో జర్మనీ, 2017లో ఈజిప్టు. ఆ ఏడు, 32వ ఉత్సవానికి, మన దేశాన్ని పిలిచారు.

ఫిబ్రవరి 7న రాజు సల్మాన్ ప్రారంభించారు. మన తరఫున అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ వచ్చారు. మా తెలంగాణ వాళ్లకు ఆమె చిన్నమ్మ. రాష్ట్రం వచ్చేనాడు ఈ చిన్నమ్మను మరిచిపోవద్దని ఆమె అన్న మాట మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. గల్ఫ్‌లో జీతం రానివాడు, పాస్‌పోర్టు చిక్కుకున్నవాడు ఫోనులో ఆమెకు నాలుగు ముక్కలు రాసి జవాబు కోసం ఎదురుచూసే రోజులవి. దూరం నుంచైనా చూడాలనుకున్నాను. నన్ను మాత్రం జనరేటర్ దగ్గర నిలబెట్టారు. కరెంటు పోతే ఒక్క నిమిషంలో తెప్పించాలి. కరెంటు పోలేదు, చిన్నమ్మ కనబడలేదు.

నేను ఎలక్ట్రీషియన్ని. జగిత్యాల దగ్గర పల్లె మాది. రియాద్‌కు వెళ్లి అప్పటికి ఆరేళ్లు. మా కంపెనీ ఉత్సవంలో కొన్ని ఇళ్లకు దీపాల కాంట్రాక్టు తీసుకుంది. అక్కడి మట్టి గోడలను జనం చేత్తో తడిమి, పూర్వం ఎంత చల్లగా బతికారో అని మురిసిపోతుంటే నాకు నవ్వొచ్చేది. ఆ మట్టి వెనక నుంచి నేను లాగిన ప్లాస్టిక్ గొట్టాలు పోతున్నాయి. ఈతదూలాల సందుల్లోంచి లాంతరు వెలుగులా పడేది లాంతరు వెలుగు కాదు, నేను దాచిపెట్టిన ఎల్‌ఈడీ పట్టీ.

అసీర్ ఇంటి గోడలు మాత్రం నన్నూ ఆపాయి. ఎరుపు, పసుపు, నీలం త్రికోణాలు, గళ్లు, గీతలు. అక్కడి ఆడవాళ్లు వేస్తారు. 2017లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన కళ. మన ఆడవాళ్లు వాకిట్లో వేసేది వాళ్లు చుట్టాలు కూర్చునే గది గోడల మీద వేస్తారు. ఫొటో తీసి మా ఆవిడకు పంపాను. "చుక్కల లెక్క తప్పింది" అని జవాబు వచ్చింది.

ఆ సాయంత్రం హాయిల్ ఇంట్లో మజ్లిస్‌కు, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే గదికి, కరెంటు పోయిందని ఫోను వస్తే వెళ్లాను. హాయిల్ అంటే హాతిం తాయి ఊరు. చిన్నప్పుడు కథల్లో చదువుకున్న ఆ హాతిమే. వచ్చిన అతిథికి పెట్టడానికి ఇంకేమీ లేక తన మేలుజాతి గుర్రాన్ని కోసి పెట్టాడనీ, అతిథి వచ్చింది ఆ గుర్రాన్ని అడగడానికేననీ కథ. అది నిజంగా ఉన్న ఊరని రియాద్ వెళ్లాక గానీ నాకు తెలియలేదు.

ఎంసీబీ పడిపోయింది, అంతే. పైకి ఎత్తాను, దీపాలు వెలిగాయి. సామాను సర్దుకుంటుంటే "తఫద్దల్" అన్నారెవరో, దయచేయండి అని. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. పొయ్యి దగ్గర ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎడమచేతిలో కొక్కెర ముక్కులాంటి కొమ్ము ఉన్న ఇత్తడి కాఫీ కూజా, వాళ్ల మాటలో దల్లా, కుడిచేతిలో పిడి లేని చిన్న చిన్న పింగాణీ కప్పులు ఒకదానిలో ఒకటి. పై కప్పులో పోసి నా వైపు చాపాడు. నా కుడిచేతిలో టెస్టర్ ఉంది. ఎడమచేయి చాపాను. ఆ తర్వాత జరిగింది చెప్పేశాను.

టెస్టర్ జేబులో పెట్టి, కుడిచేయి ప్యాంటుకు తుడుచుకొని, మళ్లీ చాపాను. అప్పుడు ఇచ్చాడు. ఇంకేదో కూడా అన్నాడు, బయట డప్పుల మోతలో సగమే వినబడింది.

టెస్టర్ చేతిలో ఉంది కాబట్టి అని బస్సులో నాకు నేనే వంద సార్లు చెప్పుకున్నాను. అబద్ధం. మా ఊళ్లో అయితే నాగలి చేతిలో ఉన్నా కింద పెట్టి తీసుకుంటాను. అసలు సంగతి తట్టడానికి రెండు మూడు రోజులు పట్టింది. ఆరేళ్లుగా సైట్లో నాకు ఎవరూ ఏదీ చేతికి ఇవ్వలేదు. నీళ్ల సీసా పికప్ బండి మీద నుంచి విసురుతారు. చేతి తొడుగులు విసురుతారు. రంజాన్‌లో ఇఫ్తార్ పొట్లాలు సిగ్నల్ దగ్గర కారు కిటికీలోంచి విసిరినట్టే అందిస్తారు. పుణ్యం కోసం మంచి మనసుతోనే, కానీ ఆకుపచ్చ దీపం పడేలోపు. విసిరినదాన్ని పట్టుకోవడానికి ఏ చేయైనా ఒకటే. ఇచ్చినదాన్ని తీసుకోవడానికే కుడిచేయి. ఈ గదిలో ఒక మనిషి నాకు ఇస్తున్నాడన్న సంగతి నా చేతికి తెలియలేదు.

ఇక ఆ గహ్వా గురించి. నేనేమీ దాని భక్తుణ్ణి కాదు. గింజను నల్లబడనివ్వరు, లేతగా వేయిస్తారు. పొడుగు కాడ ఉన్న ఇనుప పెనంలో వేయించి, ఇత్తడి కల్వంలో దంచుతారు. దంచేవాడు ఊరికే దంచడు. రోకలిని అంచుకు తగిలించి గంటలా మోగిస్తాడు. ఆ మోత విని ఇరుగుపొరుగు రావాలి. మా తలుపు తీసే ఉందని చెప్పడమన్నమాట. ఏలకులు దండిగా వేస్తారు, వాళ్ల మాటలో హేల్. ఒకప్పుడు అవి మన పడమటి కనుమల నుంచే వెళ్లేవి, ఇప్పుడు ఎక్కువగా గ్వాటెమాలావి. చక్కెర లేదు, పాలు లేవు. రంగు పసుపు నీళ్లు, రుచి జలుబుకు కాచిన కషాయం. పక్కన ఖర్జూరం పెట్టకపోతే రెండో గుక్క కష్టమే.

రుచికంటే నన్ను విసిగించింది కొలత. కప్పే అరచేతిలో పట్టేంత. అందులో పావు వంతు పోస్తాడు. రెండు గుక్కలు, అయిపోతుంది. మన దగ్గర పావు గ్లాసు టీ ఇచ్చి చూడండి, ఆ ఇంటి పరువు సాయంత్రానికల్లా ఊరి చివర ఉంటుంది. గ్లాసు నిండాలి, సాసర్‌లోకి కాస్త పొర్లినా తప్పులేదు. మనకు నిండు అన్న మాటే శుభం. నిండు కుండ, నిండు నూరేళ్లు, నిండు మనసు. ఇంత పెద్ద దేశం, ఇంత చమురు, పావు కప్పు కాఫీనా అనుకున్నాను.

మా ఫోర్‌మన్ మలయాళీ, ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నవాడు. ఆయన నవ్వి చెప్పాడు. కప్పు నిండా పోశారంటే తాగేసి ఇక లే అని అర్థమట. పావు పోస్తే, నువ్వు కూర్చో, నేను నిలబడి మళ్లీ మళ్లీ పోస్తాను అని. అతిథి కప్పు ఖాళీ అయిన ప్రతిసారీ పోసేవాడు రావాలి. అతిథి చాలు అనేదాకా పోసేవాడు కూర్చోకూడదు. చాలు అని నోటితో అననక్కర్లేదు, కప్పును వేళ్ల మధ్య రెండుసార్లు అటూ ఇటూ ఊపితే చాలు. ఇదంతా 2015లో యునెస్కో జాబితాలో చేరింది. సౌదీ, ఎమిరేట్స్, ఒమన్, ఖతర్ నాలుగూ కలిసి రాయించుకున్నాయి.

నాకు ఊపాలని తెలియదు కదా. ఆయన పోస్తూనే ఉన్నాడు, పోశాక వద్దనడం మర్యాద కాదని నేను తాగుతూనే ఉన్నాను. నాలుగు కప్పులు. మొదటిది అతిథికి, రెండోది ఆనందానికి, మూడోది కత్తికి అంటారట. మూడోది తాగితే ఆ ఇంటివాడి పోరులో నువ్వూ నిలబడాలి. నాలుగోదానికి ఏం చేయాలో ఫోర్‌మన్‌కూ తెలియదు.

మన పద్ధతే మేలని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒకేసారి నింపి ఇచ్చేస్తే తాగేవాడికి మొహమాటం లేదు, పోసేవాడికి కాళ్ల నొప్పి లేదు. ఆ ముసలాయనకు డెబ్బై దాటి ఉంటాయి. నేను కూర్చున్న పావుగంటా ఆయన నిలబడే ఉన్నాడు. మా ఊరి పెద్ద ఇళ్లలో కరెంటు పని చేశాక టీ ఇచ్చేవారు. వసారా మెట్టు మీద, విడిగా ఉంచిన గ్లాసులో. నిండుగానే. ఈ పోలిక నాకు నేనుగా తెచ్చుకున్నది కాదు, దానంతట అది వచ్చి పక్కన కూర్చుంది. దాన్ని లేపి పంపడానికి చాలా అవస్థ పడ్డాను.

అయితే మరో సంగతి కూడా చెప్పాలి. అది ఉత్సవం. నేను దీపాలు కట్టిన ఇల్లు. ఆరేళ్లలో రియాద్‌లో ఎన్నో మజ్లిస్‌లలోకి వెళ్లాను, అన్నింటిలోకీ నిచ్చెనతోనే. షాండ్లియర్ బల్బులు మార్చి, కింద పరిచిన ప్లాస్టిక్ పట్టా చుట్టుకొని బయటికి వచ్చాను. కూర్చోమన్న మజ్లిస్ ఇదొక్కటే, ఇందులో ఎవరూ కాపురం ఉండరు. భారత మండపానికి 'సౌదీ కా దోస్త్ భారత్' అని పేరు. మమ్మల్నీ అక్కడ సదీక్ అని పిలుస్తారు, దోస్త్ అనే దాని అర్థం. పేరు అడగనక్కర్లేదనుకున్నప్పుడు పిలిచే పిలుపు అది. ఆ జనవరి ఒకటి నుంచే అయిదు శాతం వ్యాట్ వచ్చింది. అంతకు ముందు జూలై నుంచి, కుటుంబాన్ని తెచ్చుకున్నవాళ్లకు తలకు నెలకు 100 రియాళ్ల రుసుము. మాకు తెలిసిన హైదరాబాద్ కుటుంబం పిల్లల పరీక్షలు అయ్యాక మూటాముల్లె సర్దుకోవాలని చూస్తున్న రోజుల్లో దోస్త్ అని రాసిన బోర్డుకు కరెంటు ఇవ్వడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఆ మండపం ముందు వరుసలో నిలబడ్డవాళ్లలో చాలామంది మనవాళ్లే. రియాద్‌లో ఇండియా చూడటానికి ఇండియావాళ్లు. నేనూ ఒక గంట తిరిగాను. ఒగ్గుడోలు వినబడుతుందేమో, తెలుగు అక్షరం కనబడుతుందేమో అని వెతికాను. కనబడలేదు. లోపం వాళ్లదో, బస్సు టైము అయిపోతోందని పరుగెత్తిన నాదో.

ఆ డప్పుల మోతలో సగమే వినబడ్డ మాట నన్ను ఇంకా వదలలేదు. "బి యమీనక్" తర్వాత ఆయన "యా వలద్" అన్నాడా, "యా వలదీ" అన్నాడా? మొదటిది ఒరేయ్ కుర్రాడా అనడం. హోటల్లో, గోదాములో నీళ్లు తెచ్చేవాణ్ణి పిలిచేది అలాగే. రెండోది నాయనా అనడం. మధ్యలో ఉన్నదంతా ఒక్క దీర్ఘం. కొన్ని రాత్రులు ఆ దీర్ఘం ఖాయంగా ఉంటుంది. జీతం ఆలస్యమైన నెలల్లో ఉండదు.

ఆ ఏడు జూన్‌లో సెలవు మీద ఇంటికి వచ్చాను. మరునాడు పొద్దున అమ్మ స్టీలు గ్లాసు నిండా టీ తెచ్చి ఇచ్చింది. తాగడం అయ్యేసరికి గిన్నె పట్టుకొని మళ్లీ వచ్చింది. నేను ఫోను చూసుకుంటూ, తల ఎత్తకుండా, ఖాళీ గ్లాసును రెండుసార్లు ఊపాను.

అమ్మ ఒంగి గ్లాసులోకి చూసింది.

"ఈగ పడిందా ఏమిటిరా?"