డాలర్ గుర్తు వెనక దాక్కున్న ఫీల్డు

రెండు రోజులుగా యాప్ మెమరీ పెరుగుతూనే ఉంది. టెన్షన్‌తో నిద్ర లేదు. నిన్న రాత్రి హీప్ డంప్ (ఆ క్షణాన మెమరీలో ఏమేం ఉన్నాయో చూపే ఫైలు) తెరిస్తే, ఎప్పుడో మూసేసిన స్క్రీన్లన్నీ అలాగే ఉన్నాయి. వాటిని పట్టుకుని ఉన్నది టైమర్‌కి ఇచ్చిన ఓ చిన్న లోపలి క్లాసు. అందులో ‘దిస్ డాలర్ సున్నా’ (this$0) అనే ఫీల్డు, అంటే ఆబ్జెక్టు లోపల విలువ దాచుకునే చోటు. నేను ఎక్కడా రాయలేదు అది!

నేను రాసే ప్రోగ్రామింగ్ భాష జావాలో క్లాసు లోపల క్లాసు 1997లో, 1.1 వెర్షన్‌తో వచ్చింది. చాలావరకు సింటాక్టిక్ షుగరే, అంటే రాయడానికి తేలికగా ఉండే పైపై సౌకర్యమే. కంపైలర్ (మన కోడ్‌ని మెషీన్ నడిపే రూపంలోకి మార్చేది) రెండిటినీ విడదీసి, పేర్ల మధ్య డాలర్ గుర్తు పెట్టి, వేరువేరు క్లాస్ ఫైళ్లు చేస్తుంది. బయటి ఆబ్జెక్టును (నా విషయంలో ఆ స్క్రీన్‌ని) లోపలిదానికి ఆ ఫీల్డులో పెట్టి ఇస్తుంది. ఒకదాని ప్రైవేటు ఫీల్డులు ఇంకోదానికి అందాలని గుట్టుగా మెథడ్లు కూడా పుట్టించేది. 2018లో జావా 11 వచ్చాక ఆ అవసరం తీరింది.

నా క్లాసుకి బయటి ఆబ్జెక్టుతో పనే లేదు. దాని పేరుకి ముందు ‘స్టాటిక్’ అని ఒక్క మాట చేర్చాను, అంటే బయటి ఆబ్జెక్టు దీనికి అక్కర్లేదని. మళ్లీ డంప్ తీస్తే పాత స్క్రీన్లు ఒక్కటీ లేవు.

జావాకి దగ్గరి భాష కాట్లిన్‌లో ఇది తిరగేసి ఉంటుంది. ‘ఇన్నర్’ అని మనం అడిగితేనే బయటి ఆబ్జెక్టు లోపలికి వస్తుంది. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లంటే రాత్రి నుంచి నాకు చాలా గౌరవం.