మార్చి నెల ఆటలు

"డబ్బు కోసమే కదా అక్కా" అని తమ్ముడు ఫోను పెట్టేశాడు. వాడికి సంగతి అక్కడితో ముగిసింది. నాకు ముగియలేదు. అందుకే అందరూ పడుకున్నాక ఇలా కూర్చున్నాను.

జరిగింది చాలా చిన్న విషయం. వాడు వాడింట్లో, నేను నా ఇంట్లో ఒకే ఐస్ హాకీ ఆట చూస్తూ ఫోనులో మాట్లాడుకుంటున్నాం. మా అలవాటు అది. ఒక జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. సీజన్ చివర పై జట్లు కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌కు వెళ్లే ఆశ ఎప్పుడో పోయింది. ఐదు గోల్స్ వెనకబడి ఉంది, ఆటలో మిగిలింది కొద్ది నిమిషాలే. అవతలివాడు కర్ర ఎత్తి బలంగా కొట్టబోతుంటే ఈ జట్టు డిఫెన్స్‌మన్, అంటే వెనక కాపు కాసే ఆటగాడు ఒకడు, పక్ అనే రబ్బరు బిళ్ల దారికి అడ్డంగా మంచు మీద పడిపోయాడు. దెబ్బ చీలమండకు తగిలింది. ఒంటికాలి మీద జారుకుంటూ బెంచి చేరాడు, తల వంచుకుని కాసేపు కూర్చున్నాడు, వంతు రాగానే మళ్లీ దిగాడు. ఎందుకంటావు ఇలా, అని నేను తమ్ముణ్ని అడిగాను. జవాబు కావాలనే అడిగాను. వాడు డబ్బు అన్నాడు.

డబ్బు అన్నందుకు కాదు నా కోపం. ఆ మాట అనేశాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదన్నంత ధీమాగా అన్నందుకు. ఎవరైనా ఒళ్లు దాచుకోకుండా పని చేస్తుంటే చూసి, దాని వెనక ఒక్క కారణం వెతికి, అదీ వీలైనంత చవకబారుది వెతికి, తృప్తిపడిపోయే అలవాటు మా ఇంట్లో తమ్ముడి ఒక్కడికే లేదు. మా వారికీ ఉంది. ఇందాక ఇదే మాట ఆయనతో అంటే "అంత జీతమిస్తే ఎవరైనా పడతారు" అన్నారు. ఎవరైనా పడరు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో గట్టి రబ్బరు ముద్ద దూసుకొస్తుంటే దాని ముందు పడుకోవాలని ఒంటికి ఉండదు. పడకపోయినా ఆ నెల జీతం ఆగదు. ఐదు గోల్స్ తేడా ఆరైనా అడిగే నాథుడు లేడు. ఈ సంగతి ఆ డిఫెన్స్‌మన్‌కు మా వారికన్నా బాగా తెలుసు.

అమెరికా, కెనడా జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో ఒక్కో జట్టుకు సీజన్‌కు 82 ఆటలు. 2026-27 నుంచి 84 చేయాలని ఒప్పందం కుదుర్చుకున్నారు. అక్టోబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. సగం ఆటలు పరాయి ఊళ్లలోనే. ఒక రాత్రి ఒక నగరంలో ఆడి, అప్పటికప్పుడు విమానమెక్కి, ఏ అర్ధరాత్రి దాటాకో ఇంకో నగరంలో దిగి, ఆ సాయంత్రమే మళ్లీ ఆడాల్సిన జంట ఆటలు మధ్యమధ్య వస్తుంటాయి. మంచు మీద ఒక్కో షిఫ్టు ముప్పావు నిమిషం ఉంటుంది, అంతే. ఆ ముప్పావు నిమిషంలో ఊపిరి మొత్తం ఖర్చుపెట్టి వచ్చి కూర్చోవాలి, మళ్లీ లేవాలి. అక్టోబరులో ఉత్సాహంగానే ఉంటుంది. ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ వేడి ఉంటుంది. నాకెప్పుడూ అర్థం కానిది మధ్యలోని జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు. పుట్టెడు నొప్పులు, ఏదో ఒక మంగళవారం, సగం ఖాళీగా ఉన్న స్టేడియం. అప్పుడు ఏం లేపుతుంది మనిషిని?

తమ్ముడికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఒక గట్టి జవాబే ఉంది, ఫోను పెట్టేయకపోతే చెప్పేదాన్ని. ఆ లీగ్‌లో జీతాలు 82 ఆటల సీజన్‌తోనే అయిపోతాయి. ప్లేఆఫ్స్ రెండు నెలలూ జీతం ఉండదు, ఎంత ముందుకు వెళ్లారన్న దాన్నిబట్టి లీగ్ ఇచ్చే బోనస్ మొత్తంలో వాటా పంచుకుంటారు. పెద్ద ఆటగాడి జీతం ముందు అది చిల్లర. అయినా ఏడాది మొత్తంలో అందరూ ప్రాణం పెట్టి ఆడేది ఆ రెండు నెలలే. 2013 ఫైనల్ ఆరో ఆటలో బోస్టన్ ఆటగాడు పాట్రిస్ బెర్జెరాన్ విరిగిన పక్కటెముకతో, చిరిగిన మృదులాస్థితో దిగాడు. ఆ ఆటలోనే భుజం కూడా తప్పింది. ఊపిరితిత్తికి చిల్లు పడిందని తరువాత ఆసుపత్రిలో తేలింది. బోస్టన్ ఓడిపోయింది. ఇది డబ్బు లెక్కకు అందుతుందా? అందదు. ఆ లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ కోసం. నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండుకు నాలుగు చొప్పున 16 విజయాలు, ఆ తరువాత కప్పు వెండి పట్టీ మీద పేరు చెక్కుతారు. కప్పు గెలవకుండా దాన్ని తాకకూడదని చిన్నప్పటి నుంచీ నమ్మే మనుషులు వాళ్లు. కాబట్టి జవాబు కప్పు, అని రాసి ఈ టపా ముగించేద్దామనే కూర్చున్నాను.

రాశాక చూస్తే అది నిలబడటం లేదు. బెర్జెరాన్ ఫైనల్లో ఉన్నాడు. ఫైనల్లో ఉన్న మనిషి ఎందుకు ఓర్చుకుంటాడో అర్థం చేసుకోవడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. 32 జట్లలో 16 జట్లు ప్లేఆఫ్స్‌కే రావు. రాత్రి నేను చూసినవాడికి కప్పు లేదు, వచ్చే ఏడాది కూడా ఉండకపోవచ్చు. అతని ముందు కప్పు పెట్టి చూపించడం కూడా తమ్ముడి డబ్బు లాంటి జవాబే. కాస్త మర్యాదగా ఉంటుంది, అంతే తేడా.

సెయింట్ లూయిస్ కథ చెప్పేవాళ్ల మీద కూడా నాకు ఇదే చిరాకు. 2019 జనవరి 3న ఆ జట్టు లీగ్ మొత్తానికీ ఆఖరున ఉంది. జూన్ 12న స్టాన్లీ కప్ గెలిచింది. నిజంగా గొప్ప కథ, ఆ రాత్రి నేనూ కేకలు వేశాను. కానీ ఆ రోజు నుంచీ ఎవరు ఓపిక గురించి మాట్లాడినా ఇదే తీసుకొస్తారు. పట్టుదలగా ఉంటే చివరకు ఫలితం దక్కుతుందని దాని అర్థమట. ఆ సీజన్లో ఆ జట్టు పక్కనే అడుగున ఉన్న మిగతా జట్ల ఆటగాళ్లు పట్టుదలగా లేరా? వాళ్లూ అవే విమానాలు ఎక్కారు, అలాగే పక్ ముందు పడ్డారు. వాళ్లకు ఏమీ దక్కలేదు. గెలిచినవాణ్ని చూపించి ఓడినవాడి శ్రమకు అర్థం చెప్పబోతే ఓడినవాడి శ్రమ మరింత వృథాగా కనిపిస్తుంది. నాకు కావలసింది దక్కనివాడి కారణం.

ఇక్కడే నాకు ఫిల్ కెసెల్ అనే ఆటగాడు గుర్తొచ్చాడు. అతనితోపాటు నాన్న.

2022 మార్చి. ఆ నెల గురించి అప్పట్లోనే రాశాను, మళ్లీ తవ్వను. రాత్రంతా నాన్న మంచం పక్కన కూర్చోవడం, మధ్యలో చప్పుడు తగ్గించి ఫోనులో ఏదో ఒక ఆట పెట్టుకోవడం. కెసెల్ అప్పుడు అరిజోనా జట్టులో ఉన్నాడు. 2009 నవంబరు 3 నుంచి ఒక్క ఆట కూడా తప్పకుండా ఆడుతున్నాడు, అప్పటికే వరుస 900 దాటింది. మార్చి 8న డెట్రాయిట్‌లో ఆట. మంచు మీదికి వచ్చాడు, ఒక్క షిఫ్టు, 30 సెకన్లు ఆడాడు, లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అతని భార్యకు తొలి కాన్పు దగ్గర పడింది. అక్కడి నుంచి నేరుగా విమానంలో అరిజోనా వెళ్లిపోయాడు.

నాన్నకు ఐస్ హాకీ తెలియదు. మెలకువగా ఉన్నప్పుడు తెర వైపు చూస్తుండేవారు, అంతే. ఆయనకు ఈ కథంతా చెప్పాను. ఆ వరుస, ఈ 30 సెకన్లు, కాన్పు, విమానం అన్నీ. చాలాసేపు ఏమీ అనలేదు, నిద్రపోయారనుకున్నాను. తరువాత కళ్లు తెరవకుండానే "హాజరు పడింది కదా, ఇక ఇంటికి పోవాల్సిందే" అన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ హాజరు ఆయనకెంత ముఖ్యమో పాత పాఠకులకు చెప్పక్కర్లేదు. ఆ రెండూ ఆయనకు ఒకదానికొకటి అడ్డం రాలేదు. రావాలి, వచ్చాడు. వెళ్లాలి, వెళ్లాడు. మర్నాడు మాత్రం అది దొంగ రికార్డని, 30 సెకన్లు ఆడితే ఆడినట్టా అని చాలామంది రాశారు. తమ్ముడు కూడా అదే అన్నాడు, నాన్న వినేలా. నాన్న ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అప్పుడు అనకపోవడం వల్లేనేమో, ఈ రాత్రి ఇంత కోపంగా ఉంది.

కెసెల్ చూడటానికి పట్టుదలకు ప్రతిరూపంలా ఉండడు. కండలు తిరిగిన ఒళ్లు కాదు, పత్రికలవాళ్లతో మాట్లాడటం అసలు ఇష్టం ఉండదు, టొరంటో జట్టులో ఉన్నప్పుడు సోమరి అని ఏళ్ల తరబడి తిట్టారు. మొదటి సీజన్లోనే, 2006 డిసెంబరులో, క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయింది. కొద్ది వారాల్లో తిరిగొచ్చి ఆడాడు. పట్టుదలకు, ఆట పట్ల నిబద్ధతకు ఇచ్చే మాస్టర్టన్ ట్రోఫీ 2007లో అతనికే ఇచ్చారు. వరుసగా 990వ ఆటతో, ఎడతెగకుండా అత్యధిక ఆటలు ఆడిన రికార్డు తనదైన రాత్రే, 2022 అక్టోబరు 25న, 400వ గోల్ కూడా కొట్టాడు. తమ్ముడు ఆ రాత్రి నాకు ఫోను చేయలేదు.

మళ్లీ డబ్బు దగ్గరికి వస్తాను, ఎందుకంటే రాస్తుంటే కోపం కాస్త దిగింది. జట్టులో చివరి వరుసలో ఉన్నవాడికి డబ్బు నిజంగానే పెద్ద కారణం. రెండు రకాల జీతాలు రాసి ఉండే ఒప్పందాలు ఉంటాయి. పై లీగ్‌లో ఉంటే ఒకటి, కిందనున్న అమెరికన్ హాకీ లీగ్‌కు పంపేస్తే దానిలో చిన్న భాగం. రెండు ఆటలు బాగా ఆడకపోతే కింద నుంచి ఒక కుర్రాణ్ని పిలుస్తారు, ఇతను సంచి సర్దుకోవాలి. అలాంటివాడు పక్ ముందు పడితే అందులో జీతం ఉంది, భయం ఉంది, ఇంటి అప్పు ఉంది. అందులో చవకబారుతనం ఏముంది? పిల్లల్ని పోషించడానికి దెబ్బ తినేవాణ్ని తక్కువగా చూసే హక్కు నాకు లేదు. తమ్ముడు ఇలా చెప్పి ఉంటే ఒప్పుకునేదాన్ని.

సంతోషాలు కూడా ఉన్నాయిలెండి, అవి చిన్నవి. ఆటకు ముందు స్టేడియం నడవాలో అందరూ వలయంగా నిలబడి కాలిబంతిని కింద పడకుండా తన్నుకుంటారు. గెలిచిన రాత్రి ఆ రోజు బాగా ఆడినవాడి నెత్తిన ఏదో పాత టోపీ పెట్టి చప్పట్లు కొడతారు. చాలా జట్లు ఏడాదికొకసారి ఆటగాళ్ల నాన్నలనో అమ్మలనో పరాయి ఊరి ప్రయాణానికి వెంట తీసుకెళ్తాయి. ఆ రెండు మూడు రోజులూ అందరూ ఒళ్లు మరిచిపోయి ఆడతారు. ఆ నాన్నల ముఖాలు తెర మీద చూపించినప్పుడు నేను చూడలేను, లేచి వంటింట్లోకి వెళ్తాను.

కెసెల్ సంగతి పూర్తి చేసి పడుకుంటాను. 2023 ఏప్రిల్‌లో సీజన్ ముగిసేసరికి అతని వరుస 1,064కు చేరింది, వేగస్ జట్టుతో 82కు 82 ఆడాడు. ప్లేఆఫ్స్‌లో నాలుగు ఆటలు ఆడించి కోచ్ పక్కన పెట్టేశాడు. జట్టు కప్పు గెలిచింది, కప్పు మీద అతని పేరు చెక్కారు. పిట్స్‌బర్గ్‌తో 2016లో, 2017లో గెలిచినవాటితో కలిపి అతనికి అది మూడోది. ఆ వేసవిలో ఏ జట్టూ అతణ్ని తీసుకోలేదు. 2024 ఆరంభంలో, 36 ఏళ్ల వయసులో, అతను వాంకూవర్ జట్టుకు అనుబంధంగా కింది లీగ్‌లో ఉన్న అబ్బాట్స్‌ఫర్డ్ జట్టు దగ్గరికి వెళ్లి సాధన మొదలుపెట్టాడు. ఎప్పుడైనా పిలుస్తారేమోనని, తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాళ్లతో కలిసి. కప్పులు ఉన్నాయి. డబ్బు ఉంది. రికార్డు ఎప్పుడో అతనిదైంది. నేను పైన రాసిన కారణాల్లో ఒక్కటీ అతనికి మిగల్లేదు. అయినా పొద్దున్నే స్కేట్ల తాళ్లు బిగించుకుని మంచు మీదికి వెళ్లాడు.

వాంకూవర్ అతణ్ని తీసుకోలేదు. తీసుకోవాల్సింది. ఒక్క ఆటకైనా, 30 సెకన్లకైనా.