చెల్లి లిస్టు

"నేను ఇంట్లోనే కంటానక్కా" అంటూ చెల్లి ఇవాళ ఫోన్‌లో లిస్టు చూపించింది. తువ్వాళ్లు, ప్లాస్టిక్ షీటు, వేడినీళ్లు, వినాల్సిన పాటలు కూడా. అవసరమైతే ఏ ఆసుపత్రికి, ఎందులో వెళ్లాలి, ఎంతసేపు పడుతుంది... ఆ వరుసే లేదు.

వద్దని కొట్టిపారేయలేదు. దాని భయం నాకు తెలుసు. ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య నొప్పులు పడటం, అక్కర్లేని కోత. అది ఉత్తుత్తి భయం కాదు.

కానీ దీనికి తొలిచూలు! ఇంగ్లండులో రిస్కు తక్కువున్న 64 వేలమందికి పైగా తల్లుల మీద జరిగిన అధ్యయనం 2011లో వచ్చింది. ఇదివరకు కన్నవాళ్లకు ఇంట్లోనైనా, ఆసుపత్రిలోనైనా బిడ్డ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తొలిచూలు వాళ్లలో మాత్రం బిడ్డకు తీవ్రమైన ఇబ్బందులు ఆసుపత్రిలో వెయ్యికి 5.3 అయితే, ఇంట్లో 9.3. ఇంట్లో మొదలుపెట్టిన తొలిచూలు వాళ్లలో నూటికి 45 మందిని నొప్పుల మధ్యలోనో, కాన్పయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించారు. అదీ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ పక్కనే ఉండి, కబురు పెడితే అంబులెన్స్ వచ్చే చోట!

దాదాపు సగం మంది. నాకు ఆ అంకె దగ్గరే మనసు ఆగిపోయింది. రేపు ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, లిస్టు పట్టుకునే.