కీబోర్డు లైటు ఎప్పుడు ఆరుతోందో ముందు చూడండి

లాప్‌టాప్ కీబోర్డు కింద వెలిగే లైటు ఉన్నట్టుండి ఆరిపోతుంటే చాలామంది సరాసరి రిపేరు షాపుకే పట్టుకెళ్తారు. అక్కడ ‘విండోస్ మళ్ళీ వేద్దాం’ అంటారు. వేస్తారు, డబ్బు తీసుకుంటారు. లైటు మాత్రం ఎప్పటిలాగే ఆరుతూ ఉంటుంది. మా బంధువుల్లోనే ఇలా జరిగింది. దాదాపు అన్ని లాప్‌టాప్‌లలోనూ ఆ లైటును వెలిగించి ఆర్పేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీద ఉండే కంట్రోలర్ అనే చిన్న చిప్. విండోస్ తీసేసి మళ్ళీ వేసినా ఆ చిప్‌కి ఇచ్చిన సెట్టింగు మారదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ఖర్చు, సగం టెన్షన్ తప్పుతాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేనుండేది పలాసలో, కాశీబుగ్గ వైపు. మెడికల్ కోడింగ్ చేస్తాను, ఇంటి నుంచే. అమెరికా టైము కాబట్టి సాయంత్రం కూర్చుంటే తెల్లవారుజాము దాకా పని. నా టేబులున్న గదిలోనే మా అత్తయ్య, పాప పడుకుంటారు. ట్యూబులైటు వేశానంటే అత్తయ్య అటు తిరిగి పడుకునే, “ఏటమ్మా, మళ్ళీ లైటేసినావా? గుంట లెగిసిపోద్ది” అంటారు. ఆవిడన్నదీ నిజమే. అందుకని స్క్రీను వెలుతురు బాగా తగ్గించుకుని, కీబోర్డు లైటు ఆధారంగానే పని చేసుకుంటాను.

చూడకుండా టైపు చేయొచ్చు కదా అని మా ఆయన అడిగారు. అక్షరాలు చూడకుండానే కొడతాను. చిక్కంతా అంకెల వరసతోనే. మా పనిలో ప్రతి జబ్బుకీ ఒక కోడు ఉంటుంది, అక్షరం, అంకెలు కలిపి. కిడ్నీ జబ్బు ఐదో దశ అయితే ఎన్18.5. డయాలిసిస్ తప్పని చివరి దశ అయితే ఎన్18.6. కీబోర్డు మీద 5, 6 పక్కపక్కనే ఉంటాయి. వేలు ఒక్క కీ జరిగితే రికార్డులో ఆ మనిషి పరిస్థితే మారిపోతుంది, బీమా క్లెయిము వెనక్కొస్తుంది. నేను కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం పిల్లని. డయాలిసిస్ అంటే ఇంట్లో ఏమవుతుందో దగ్గర నుంచి చూసినదాన్ని. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. అంతకుముందు పెద్ద డాక్టరు కోసం విశాఖ తిరిగిన కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. ఎక్కడో ఉన్న రోగిదే అయినా ఆ కోడు కొట్టేటప్పుడు కీ వంక చూసే కొడతాను.

అలాంటి సమయంలో లైటు ఆరిపోయేది. ఒక్కోసారి చాలాసేపు బాగానే ఉండేది. ఒక్కోసారి డాక్టరు రాసిన నాలుగు లైన్లు చదివి కిందికి చూసేలోపే చీకటి. ఏ వరసా లేనట్టు అనిపించేది. కానీ యంత్రం తనిష్టం వచ్చినట్టు చేయదు. ఏదో ఒకటి దానికి కారణమై తీరాలి.

మొదట పట్టుకున్నది మౌసు సంగతి. చార్టు చదివేటప్పుడు యూఎస్‌బీ మౌసుతో కిందికీ పైకీ జరుపుతుంటాను. మనిషి పని చేస్తున్నట్టే లెక్క కదా అనుకుంటాం. చాలా లాప్‌టాప్‌లకు అది లెక్క కాదు. కీ నొక్కినా, టచ్‌ప్యాడ్ తాకినా మాత్రమే ‘ఎవరో ఉన్నారు’ అని కంట్రోలర్‌కి తెలుస్తుంది. బయటి మౌసు ఎంత తిప్పినా టైమరు దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది. టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి చూశాను, వెంటనే వెలిగింది. అంటే ఎల్‌ఈడీలు బాగున్నాయి, వైరు బాగుంది. గడువు అయిపోయి ఆరుతోందన్నమాట. రాత్రిపూట పనిచేసేవాళ్ళకి ఒక అలవాటు చెప్తాను. లైటు ఆరితే స్పేస్ గానీ ఎంటర్ గానీ కొట్టొద్దు, చేస్తున్న పనిలో అనవసరమైనది పడుతుంది. కంట్రోల్ కీ ఒక్కటీ తాకి వదిలేయండి. లైటు వస్తుంది, ఏమీ టైపు అవదు.

మరి ఒకసారి ఎక్కువసేపు, ఒకసారి తక్కువసేపు ఎందుకు? దీనికి జవాబు మా ఇంటి ఇన్వర్టర్‌లో దొరికింది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి స్తంభాలు, కొబ్బరి చెట్లు, జీడితోటలు కూలిపోయాక మా వైపు ఓపిక ఉన్నవాళ్ళంతా ఇన్వర్టర్లు పెట్టించుకున్నారు. మేమూ పెట్టించాం. ఎలక్ట్రీషియన్ ఫ్యాన్లకీ ట్యూబులైట్లకీ ఇన్వర్టర్ లైను ఇచ్చాడు. ఫ్యాను బోర్డులోనే ఉన్న చిన్న ప్లగ్గుకి కూడా అదే లైను వచ్చింది, అందులో వైఫై రౌటర్ ఉంది. నా టేబులు దగ్గర ప్లగ్గు మాత్రం మామూలు లైను మీదే ఉండిపోయింది. దీనివల్ల ఏమవుతుందంటే, రాత్రి కరెంటు పోయినా నాకు తెలియదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, నెట్టు వస్తూనే ఉంటుంది, గదిలో లైటు ఎలాగూ వేసి లేదు. లాప్‌టాప్ మాత్రం చప్పుడు లేకుండా చార్జరు నుంచి బ్యాటరీ మీదికి మారిపోతుంది. స్క్రీను ముందే తగ్గించి ఉంది కాబట్టి అది ఇంకాస్త తగ్గినా కంటికి ఆనదు. కొంతసేపటికి కరెంటు వచ్చేస్తుంది, అదీ తెలియదు.

ఒక రాత్రి లైటు చటుక్కున ఆరినప్పుడు వంగి కింద చూస్తే చార్జరు అడాప్టర్ మీద ఉండే చిన్న పచ్చ దీపం లేదు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాను. బ్యాటరీ మీద చివరి కీ నొక్కిన 10 సెకన్లకి ఆరుతోంది. కరెంటు వచ్చాక మళ్ళీ కొలిస్తే సరిగ్గా 1 నిమిషం. చార్జరుకి ఒక గడువు, బ్యాటరీకి ఒక గడువు విడివిడిగా ఉన్నాయని అలా తేలింది. ఎన్నిసార్లు కొలిచినా తేడా రాలేదు. ఇలా గడియారం లెక్కన ఆరితే అది సెట్టింగు, ఎలా పడితే అలా ఆరితే వైరింగు. నేను అందరికీ మొదట చెప్పేది ఇదే.

ఆ సెట్టింగు విండోస్‌లో ఎంత వెతికినా దొరక్కపోవచ్చు. చాలా కంపెనీలు దాన్ని బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో పెడతాయి. డెల్ లాప్‌టాప్ అయితే ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కుతూ లోపలికి వెళ్ళాలి. కీబోర్డు బ్యాక్‌లైట్ టైమౌట్ (లైటు ఆరే గడువు) అని చార్జరుకి ఒకటి, బ్యాటరీకి ఒకటి కనిపిస్తాయి. చాలా మోడళ్ళలో అది మొదటి నుంచీ 10 సెకన్ల మీదే ఉంటుంది. 5 సెకన్ల నుంచి 15 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు, అసలు ఆరకుండా ‘నెవర్’ కూడా పెట్టుకోవచ్చు. హెచ్‌పీ అయితే ఎఫ్10తో లోపలికెళ్ళి, అడ్వాన్స్‌డ్‌లో బిల్టిన్ డివైస్ ఆప్షన్స్ చూడండి, బిజినెస్ మోడళ్ళలో అక్కడే ఉంటుంది. లెనోవోలో ఫంక్షన్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే లైటు దశలు మారుతాయి. కొన్నింట్లో ‘ఆటో’ అనే దశ ఉంటుంది, అది గది వెలుతురు చూసుకుని వెలుగుతుంది, ఆరుతుంది. పగలు కిటికీ పక్కన ఆరి రాత్రి వెలుగుతుంటే కారణం ఇదే కావచ్చు. మ్యాక్‌బుక్‌లో మాత్రం బయోస్ గొడవ లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డు పేజీలోనే ఎంతసేపటికి ఆరాలో ఎంచుకోవచ్చు.

బయోస్‌లోకి వెళ్ళేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోండి. బ్యాక్‌లైట్ ఒక్కటే మార్చి సేవ్ చేసి బయటికి రండి. సెక్యూర్ బూట్, టీపీఎం లాంటి భద్రతా సెట్టింగులు ముట్టుకుంటే తర్వాత విండోస్ తెరుచుకునేటప్పుడు 48 అంకెల బిట్‌లాకర్ (డిస్కుకి వేసే తాళం) రికవరీ కీ అడగొచ్చు. సొంత లాప్‌టాప్ అయితే ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే ఫోనులో తెరిచి చూసి ఒక కాగితం మీద రాసుకోండి.

నాది ఆఫీసు లాప్‌టాప్. బయోస్‌కి పాస్‌వర్డ్ వేసి ఉంది, అది ఐటీ వాళ్ళ దగ్గరే ఉంటుంది. ‘కీబోర్డు లైటు ఆరిపోతోంది’ అని టికెట్ (ఫిర్యాదు) పెడితే రిమోట్‌లో వచ్చి కీబోర్డు డ్రైవరు తీసి మళ్ళీ వేశారు. ఏమీ మారలేదు. రెండో టికెట్‌లో నేను కొలిచింది రాశాను: చార్జరు మీద 1 నిమిషం, బ్యాటరీ మీద 10 సెకన్లు, ప్రతిసారీ అంతే, దయచేసి బయోస్‌లో టైమౌట్ చూడండి అని. అవతల ఉన్న అబ్బాయి ఆ రోజే మార్చేశాడు. ఇప్పుడు చార్జరు మీద అసలు ఆరదు, బ్యాటరీ మీద 5 నిమిషాలు ఉంటుంది. బ్యాటరీ మీద కూడా ఆరకుండా పెట్టమని నేను అడగలేదు. ఆ ఎల్‌ఈడీలు తాగే కరెంటు తక్కువే అయినా, తుఫాను రాత్రి బ్యాటరీ అదనంగా కాసేపు నిలవడం నాకు ముఖ్యం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి టేబులు దగ్గర ప్లగ్గుని కూడా ఇన్వర్టర్ లైను మీద పెట్టించాం. నా చార్జరు 65 వాట్లే, ఇంచుమించు ఒక సీలింగ్ ఫ్యానుతో సమానం, కాబట్టి అతను అభ్యంతరం చెప్పలేదు.

గడియారం లెక్కకి అందకుండా ఆరేది మా మరిది లాప్‌టాప్. తనది వజ్రపుకొత్తూరు దగ్గర, సముద్రానికి బాగా దగ్గర. “వదినా, మూత కదిపితే ఆరిపోతుంది, కొట్టితే వస్తుంది” అన్నాడు. బయోస్ తెర మీద వదిలేసి చూడమన్నాను. అక్కడ విండోస్ నడవదు కాబట్టి తప్పు సాఫ్ట్‌వేర్‌దా, కాదా అన్నది తేలిపోతుంది. అక్కడా మిణుకుమిణుకుమంది. అరచేయి ఆనే చోట నొక్కితే ఆరింది, వదిలితే వెలిగింది. ఇక వైరే.

కాశీబుగ్గలో షాపుకి నేనూ వెళ్ళాను. కుర్రాడు వెనక మూత తీసి ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. కీబోర్డు నుంచి రెండు రిబ్బన్లు వస్తున్నాయి, ఒకటి వెడల్పుది, కీలది. రెండోది చిటికెన వేలి గోరంత కూడా లేదు, అదే లైటుది. దాని సాకెట్ మీద నల్లటి పట్టీ ఎత్తి బయటికి లాగితే, బంగారు రంగులో ఉండాల్సిన కొసలు మసిబారి ఉన్నాయి, సాకెట్ అంచున పచ్చటి పొడి. ఉప్పుగాలి పని. కుర్రాడు పిల్లల రబ్బరుతో ఆ కొసలు మెల్లగా రుద్ది, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక తిన్నగా లోపలికి తోసి పట్టీ మూశాడు. ఎంత నొక్కినా లైటు చెదరలేదు. అంతకుముందు ఇంకో చోట ఇదే లాప్‌టాప్‌కి విండోస్ మళ్ళీ వేసి పంపారు. ఆ డబ్బు మరిదికి వృథా అయిందని నాకిప్పటికీ బాధే.

సెట్టింగూ కాదు, వైరూ కాదు అనిపిస్తే షాపుకి వెళ్ళే ముందు ఇంట్లో ఒకటి చేసి చూడొచ్చు. లాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జరు తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. చార్జరు పెట్టి మళ్ళీ ఆన్ చేయండి. కంట్రోలర్‌లో ఏదైనా తికమక ఉంటే పోతుంది. ఫైళ్ళకేమీ కాదు. విడిగా కొన్న వైర్‌లెస్ కీబోర్డుల సంగతి వేరు. వాటిలో చాలావరకు బ్యాటరీ మిగుల్చుకోవడానికి త్వరగా ఆర్పేస్తాయి, చార్జింగ్ తగ్గితే అసలు వెలిగించవు. ముందు చార్జింగ్ పెట్టి చూడాలి.

చివరిగా విజయనగరంలో మా పిన్ని కొడుకు సంగతి. వాడి లాప్‌టాప్ మీద టీ ఒలికి, కీబోర్డు మార్పించాడు. కీలన్నీ పనిచేస్తున్నాయి, లైటు మాత్రం రాదు. ఫోటో పంపమంటే, కొత్త కీబోర్డుకి లైటు రిబ్బనే లేదు. అదే మోడల్‌కి లైటున్న కీబోర్డు, లేని కీబోర్డు రెండూ దొరుకుతాయి, బిగించడానికి రెండూ సరిపోతాయి, లేనిది చవక. కీబోర్డు మార్పిస్తుంటే ‘బ్యాక్‌లిట్‌దే కావాలి’ అని ముందే చెప్పండి, బిగించే ముందు దానికి రెండు రిబ్బన్లు ఉన్నాయో లేదో చూడండి, డబ్బిచ్చే ముందు ఫంక్షన్ కీ పట్టుకుని, కిరణాల బొమ్మ ఉన్న కీ నొక్కి అక్కడే వెలిగించి చూపించమనండి.