ఇంగ్లండ్‌లో క్వయర్‌లో చేరాను

రిటైరయ్యాక పాస్టరుకు ఆదివారం పూట ఏం చెయ్యాలో తోచదు. ముందు బెంచీలో కూర్చుని, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు ప్రసంగంలో ఎక్కడ తడబడతారా అని చూడటం తప్ప వేరే పనుండదు. అది ఆత్మకు మంచిది కాదు. అందుకే పీటర్‌బరోలో ఉంటున్న మా అబ్బాయి రమ్మనగానే ఆరు నెలల విజిటర్ వీసా మీద నేనూ, మా ఆవిడా బయల్దేరాం.

మా తాతలు ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖవాళ్లు. దోర్నకల్‌లో అజరయ్య బిషప్‌గారి కాలం మనుషులు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే, 1912లో. నేను పుట్టేసరికి ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసిపోయి 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయిపోయింది. కాబట్టి ఈవెన్‌సాంగ్, అంటే ఆంగ్లికన్లు సాయంత్రం పాటలతో చేసే ఆరాధన, నాకు సెమినరీలో చదివిన పాఠమే కానీ, చెవిన పడిన ఆరాధన కాదు.

మొదటిసారి విన్నది ఈలీ కెథడ్రల్‌లో. పీటర్‌బరో నుంచి రైల్లో అరగంట దూరం. పగలు చూడటానికి వెళ్తే టికెట్టు కొనాలి, సాయంత్రం ఆరాధనకు వెళ్తే రూపాయి అడగరు. మా ఆవిడకు ఇది బాగా నచ్చింది. 1322లో మధ్య గోపురం కూలిపోతే, దాని స్థానంలో ఎనిమిది పలకల కట్టడం ఒకటి లేపి, పైన కొయ్యతో లాంతరు లాంటి శిఖరం కట్టారు. దాని కింద నుంచి నడిపించి, మమ్మల్ని క్వయర్ (చర్చిలో పాడే బృందం) పక్కనే చెక్క సీట్లలో కూర్చోబెట్టారు. దావీదు కీర్తన మొదలైంది. తాళం లేదు. మాటలన్నీ ఒకే స్వరం మీద పరుగెత్తి, చివర్లో మాత్రం మెట్లు దిగుతున్నాయి. నా కాలు తాళం వెయ్యబోయి ఆగిపోయింది.

మా అబ్బాయి ఇంటి దగ్గర చిన్న చర్చిలో కూడా ఆదివారం సాయంత్రాలు ఈవెన్‌సాంగ్ ఉంది. బేస్, అంటే లోతైన మగ గొంతులు తక్కువట. క్వయర్ నడిపే ఆవిడ నన్ను అడిగింది, నేను సరేనన్నాను. నలభై ఏళ్లుగా పాడించినవాణ్ణి, పాడటం ఎంతసేపులే అనుకున్నాను. శుక్రవారం ప్రాక్టీసులో తలప్రాణం తోకకొచ్చింది.

ఇలా కీర్తన పాడే బాణీని చాంట్ అంటారు. చిన్న చాంట్‌లో ఉండేవి పది స్వరాలే. వచనం మొదటి సగానికి నాలుగు, రెండో సగానికి ఆరు. పుస్తకంలో మాటల మధ్య నిలువు గీతలుంటాయి. మొదటి గీత దాకా ఎన్ని మాటలున్నా ఒకే స్వరం మీద చెప్పాలి. పాడకూడదు, చెప్పాలి. ఆ తర్వాత ఒక్కో గీతకు స్వరం మారుతుంది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. మాట వాటికి లోబడి సాగుతుంది, విరుగుతుంది, పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. ఇక్కడ స్వరమే మాటకు లోబడాలి. ఆవిడ మమ్మల్ని ముందు అసలు పాడనివ్వలేదు. వచనాన్ని గుసగుసగా, అందరూ ఒక్క వేగంతో చదవమంది. నా భారతీయ ఇంగ్లీషు ఎప్పుడూ అర మాట ముందుండేది.

దానికంటే కష్టం మధ్యలో వచ్చే ఆగుడు. వచనం సగంలో కోలన్ ఉంటుంది. అక్కడ అందరూ ఆగాలి. ఆవిడ అరచెయ్యి చాపి పట్టుకుంటుంది, ఆ చెయ్యి కిందకు దిగేదాకా ఊపిరి చప్పుడు కూడా రాకూడదు. ప్రసంగం అలవాటైన నోటికి ఖాళీ కనిపిస్తే ఊరుకోదు. బెంచీలోంచి చూస్తున్న మా ఆవిడ ఇంటికొచ్చాక, “ఇన్నాళ్లకు మిమ్మల్ని ఒకరు ఆపగలిగారు” అంది.

ఆ చర్చివాళ్లు 1662 నాటి ప్రార్థనల పుస్తకంలో ఉన్న పట్టీ ప్రకారమే పాడతారు. నూటయాభై కీర్తనలూ నెల రోజులకు, ఉదయం కొన్ని, సాయంత్రం కొన్ని పంచి ఉంటాయి. తేదీ ఏదైతే ఆ కీర్తనే. నాకు ఇది కొత్త. సేవలో ఉన్నంతకాలం నేను ఏ ఎండకు ఆ గొడుగు పట్టినవాణ్ణే. పెళ్లికి ఒకటి, సమాధి దగ్గర ఒకటి, గృహప్రవేశానికి ఒకటి, అన్నీ కలిపి ముప్పైకి మించవు. మిగతావి ఉన్నాయని తెలుసు, అంతే. పట్టీ పట్టుకుంటే మనవడి పుట్టినరోజున ఏడుపు కీర్తన వస్తుంది. మోకాళ్ల నొప్పితో లేవలేని రోజున సంతోషగానం వస్తుంది. నా మనసు ఎలా ఉందని ఎవరూ అడగరు. నా విశ్వాసం నా మూడ్ మీద ఆధారపడనక్కర్లేదని ప్రసంగాల్లో చాలాసార్లు చెప్పాను కానీ, అది ఒంటికి తెలిసింది ఆ చెక్క సీట్లోనే.

ఒక్కచోట వాళ్లతో నాకు పేచీ. ఇరవై రెండో తేదీ సాయంత్రం నూట తొమ్మిదో కీర్తన వస్తుంది. శత్రువు పిల్లలు తండ్రిలేనివారు కావాలని శపించే కీర్తన. ఆ వచనాలు వదిలేసి పాడతారు. మర్యాదస్తులు, అర్థం చేసుకోగలను. కానీ ఖమ్మం దగ్గర పల్లెలో నేను పనిచేస్తున్నప్పుడు, దాయాదులు పొలం లాక్కున్న ఒకావిడ ఇంట్లో ఆ కీర్తనే చదవమని అడిగింది. పూర్తిగా చదివాను. ఆమేన్ గట్టిగా అంది, తర్వాత టీ పెట్టింది. ఆ కోపాన్ని దేవుడి ముందు కాక మరెక్కడ పెట్టాలి? టీ విరామంలో ఈ మాట చెబితే టెనర్‌లో (హెచ్చు స్థాయి మగ గొంతుల్లో) పాడే పెద్దాయన చాలాసేపు కప్పులోకి చూసి, “మా అందరికీ పొలాలు ఉన్నాయి మరి” అన్నాడు.

అన్నట్టు, ఉదయం ఆరాధనలో వాళ్లు ఒకరికొకరు చేతులు కలిపి “సమాధానం”, అంటే శాంతి కలగాలని చెప్పుకుంటారు కదా, అది వాళ్లలో మళ్లీ వాడుకలోకి రావడంలో మన సీఎస్ఐ 1950లో తెచ్చిన ఆరాధన క్రమానికి పెద్ద చెయ్యే ఉంది. ఇది చెప్పుకోవడానికి ఒక్క అవకాశం కూడా వదల్లేదు.

ఖమ్మం తిరిగొచ్చాక తెలుగు వచనాలను ఆ చాంట్‌లో ఇరికించి చూశాను. కుదర్లేదు. “చున్నాడు”, “గాక” లాంటి తోకలు సరిగ్గా స్వరం దిగే చోటుకొచ్చి నవ్వు తెప్పిస్తాయి. అందుకని పాట మానేశాం. మాలాంటి రిటైరైనవాళ్లం కొందరం సాయంత్రం కూర్చుని, పట్టీ ప్రకారం ఆ రోజు కీర్తనలు చదువుతాం, వచనం సగంలో ఆగుతాం. పదిహేనో తేదీ సాయంత్రం డెబ్బై ఎనిమిదో కీర్తన ఒక్కటే, మన బైబిల్లో 72 వచనాలు. మంచినీళ్ల సీసా తెచ్చుకోమని అందరికీ ముందే ఫోన్ చేసి చెబుతున్నాను.