పిల్ల పౌరురాలు, మేం వీసాదారులం: వేరే రాష్ట్రం చదువుకు అప్పు, అద్దె

మా అమ్మాయి డాలస్‌లో పుట్టింది, అమెరికా పౌరురాలు. నేనూ మా వారూ హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాం. యజమాని మా తరఫున పెట్టిన గ్రీన్‌కార్డు అర్జీకి (ఐ-140) ఆమోదం వచ్చి ఏళ్లు గడిచాయి, గ్రీన్‌కార్డు వరుసలో మా తేదీ మాత్రం ఇంకా రాలేదు. విమానాశ్రయంలో వేర్వేరు వరుసల్లో నిలబడేటప్పుడు తప్ప ఈ తేడా మా ఇంట్లో పెద్దగా కనిపించేది కాదు. పిల్ల కాలేజీకి వెళ్లే ఏడాది అది డబ్బు రూపంలో ఎదురొచ్చింది. తనకు ఎంత అప్పు పుడుతుంది, మాకు అసలు పుడుతుందా, పుట్టిన అప్పు ఇంటద్దె గడువు లోపల అందుతుందా అన్న ప్రశ్నలన్నింటికీ సమాధానం ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిదన్న దాని మీదే ఆధారపడింది. మాలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

తనకు ఇష్టమైన ఇంజనీరింగ్ సీటు ఇండియానాలోని పర్డ్యూలో వచ్చింది. ప్రభుత్వ యూనివర్సిటీయే. ట్యూషన్, ఫీజులు కలిపి ఇండియానా వాసులకు ఏడాదికి 9,992 డాలర్లు, బయటి రాష్ట్రాల వారికి 28,794. టెక్సస్ పిల్ల అయినందుకు ఏటా 18,802 డాలర్లు ఎక్కువ కట్టాలన్న మాట. ఇంజనీరింగుకు అదనపు రుసుము వేరు. 2012-13 నాటి ఈ ఫీజును ఆ యూనివర్సిటీ ఇప్పటికీ పెంచలేదు. ఏటా ఫీజు పెరిగే చోట నాలుగేళ్ల లెక్క గాలిలో వేసుకోవాల్సి వస్తుంది, మాకు ఆ బాధ తప్పింది. "అక్కడే ఇల్లు అద్దెకు తీసుకుని ఏడాది ఉంటే లోకల్ ఫీజు వస్తుంది కదా" అని చాలామంది సలహా చెప్పారు. రాదు. చదువు కోసమే వెళ్లి, తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థి సొంత రాష్ట్రం తల్లిదండ్రులు ఉండే రాష్ట్రమే. అద్దె ఒప్పందం చేతిలో ఉన్నంత మాత్రాన అది మారదు.

మొదటి మెట్టు ఫాఫ్సా, అంటే ఫెడరల్ విద్యార్థి సహాయానికి పెట్టే దరఖాస్తు. "మన జీతాలకు ఏమీ రాదు, అది నింపడం దండగ" అనే మాట మనవాళ్ల ఇళ్లలో తరచూ వింటాను. గ్రాంటు రాకపోవచ్చు, ప్రభుత్వమే వడ్డీ భరించే రుణమూ రాకపోవచ్చు. కానీ అన్‌సబ్సిడైజ్డ్ (వడ్డీ మనమే భరించే) డైరెక్ట్ రుణానికి ఆదాయంతో సంబంధం లేదు. ఫాఫ్సా నింపకపోతే అదీ పోతుంది. ఆ ఫారం తల్లిదండ్రుల వీసా ఏమిటని అడగదు. విద్యార్థి పౌరసత్వమే చూస్తుంది. భార్యాభర్తలు కలిసి పన్ను రిటర్ను వేస్తే ఒకరు ఖాతా తెరిచి, పన్ను వివరాలు తీసుకోవడానికి సమ్మతి ఇస్తే చాలు. మేం నింపింది 2024-25 ఫారం. మామూలుగా అక్టోబరు 1న రావాల్సింది ఆ ఏడాది డిసెంబరు చివరికి గానీ రాలేదు. కాలేజీలకు వివరాలు చేరేసరికి మార్చి వచ్చింది. మే 1 లోగా ఏ కాలేజీయో తేల్చుకోవాల్సిన ఇళ్లలో ఆ వసంతమంతా ఎంత ఆందోళన ఉండిందో చెప్పలేను.

మా స్నేహితుల అబ్బాయి విజయవాడలో పుట్టి మూడేళ్ల వయసులో ఇక్కడికి వచ్చాడు, హెచ్‌-4 (హెచ్‌-1బీ వారి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నాడు. మా అమ్మాయితో ఒకే బడిలో చదివాడు, మార్కులు తనకంటే మెరుగు. అతనికి ఫెడరల్ రుణం ఒక్క డాలరు కూడా రాదు. ఈ నియమం మీద నాకు కోపమే ఉంది, దాచుకోను.

ఇక లెక్కలు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి డైరెక్ట్ రుణం మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏటా 7,500. వేరే రాష్ట్రం ఫీజు ముందు ఇది ఏ మూలకూ రాదు. మిగతాది పూడ్చుకోవడానికి తల్లిదండ్రుల కోసం పేరెంట్ ప్లస్ రుణం ఉంది. కానీ అది తీసుకునే తల్లో తండ్రో పౌరులైనా కావాలి, గ్రీన్‌కార్డుదారులైనా కావాలి. ఇన్నేళ్లు పన్నులు కట్టినా మాకు ఆ తలుపు మూసే ఉంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ప్లస్ రుణం దొరకని తల్లిదండ్రుల పిల్లలకు మొదటి రెండేళ్లలో ఏటా ఇంకో 4,000, ఆ తర్వాత 5,000 డాలర్ల దాకా అన్‌సబ్సిడైజ్డ్ రుణం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. క్రెడిట్ బాగాలేక తిరస్కరణకు గురైన వారికే ఇది వర్తిస్తుందని అందరూ అనుకుంటారు. తల్లిదండ్రులు పౌరులో శాశ్వత నివాసులో కాకపోవడాన్ని కూడా కాలేజీ ప్రత్యేక పరిస్థితిగా పరిగణించవచ్చు. నిర్ణయం కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయానిది. అడగకుండా వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, మన వీసా సంగతి వాళ్లకు తెలియదు కదా. మేం ఒక ఉత్తరం రాసి, మా వీసా హోదా ఆమోద పత్రాల (ఐ-797) నకళ్లు జతచేసి పంపాం. మొదటి ఏడాది 9,500, రెండో ఏడాది 10,500 మంజూరయ్యాయి.

అప్పు పత్రం మీద సంతకం మా అమ్మాయిదే. ముందుగా చేయాల్సిన ఆన్‌లైన్ అవగాహన పాఠాన్ని నేను పక్కన కూర్చుని చదివిస్తానంటే, "అమ్మా, అప్పు నాది, నన్నే చదవనీ" అంది. చదివాక తనే వడ్డీ లెక్క కట్టింది. మొదటి ఏడాది వడ్డీ 6.53 శాతం. 9,500 మీద నెలకు సుమారు 52 డాలర్లు, డబ్బు విడుదలైన రోజు నుంచే పడుతుంది. క్యాంపస్‌లో చేసే చిన్న ఉద్యోగం జీతంలోంచి ఆ వడ్డీ నెలనెలా కట్టేస్తోంది. చదువయ్యేదాకా కట్టక్కర్లేదు. కానీ కట్టకపోతే వడ్డీ పేరుకుంటూ పోయి తర్వాత తీర్చాల్సిన మొత్తం పెరుగుతుంది.

ఇంకా లోటు మిగిలింది. ప్రైవేటు రుణం కోసం ఒక సంస్థను అడిగితే హామీదారు పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి ఉండాలన్నారు. న్యూజెర్సీలో ఉండే మా బావగారు విని, "నేను సంతకం పెడతానమ్మా, నాకు మాత్రం ఆ పిల్ల పరాయిదా" అన్నారు. ఆ మాటకు కళ్లు చెమర్చాయి. అయినా వద్దనుకున్నాం. అలాంటి హామీ అంటే మాట సాయం కాదు. ఆ అప్పు మొత్తం ఆయన క్రెడిట్ నివేదికలోనూ కనిపిస్తుంది, మా వైపు వాయిదా తప్పితే ఆయనే కట్టాలి. రేపు వాళ్ల అబ్బాయి కాలేజీకి వెళ్లేటప్పుడు మా అప్పు ఆయనకు అడ్డు రాకూడదు. తెనాలిలో మా నాన్నగారు ఊళ్లో బ్యాంకులో విద్యారుణం తీసుకుంటానన్నారు. కానీ ఆ మాదిరి విద్యారుణ పథకంలో విద్యార్థి భారతీయ పౌరుడై ఉండాలి, మా అమ్మాయి కాదు. చివరికి లోటంతా మా నెల జీతాలు, తను పుట్టినప్పుడు చదువు కోసం తెరిచిన 529 అనే పన్ను రాయితీ పొదుపు ఖాతా మోస్తున్నాయి.

మొదటి ఏడాది డార్మ్‌లో ఉంది. రెండో ఏడాదికి బయట ఇల్లు. పర్డ్యూ ఉండే వెస్ట్ లఫయెట్‌లో వచ్చే ఆగస్టు ఇంటికి ముందు ఏడాది శరదృతువులోనే సంతకాలు మొదలవుతాయి. పిల్లలు కాలేజీలో అడుగుపెట్టిన కొన్ని వారాలకే ఎవరితో కలిసి ఉండాలో తేల్చుకోవాలి. అప్పటికి తర్వాతి ఏడాది రుణం సంగతి ఎవరికీ తెలియదు. ఒప్పందాలు రెండు రకాలు. ఇంటి మొత్తానికి అందరూ కలిసి సంతకం పెట్టే ఒప్పందంలో ఒకరు మధ్యలో వెళ్లిపోతే వారి వాటా మిగతావారి మెడకు చుట్టుకుంటుంది. ఎవరి మంచానికి వారే బాధ్యులయ్యే ఒప్పందంలో ఆ భయం లేదు, అద్దె కాస్త ఎక్కువ. మేం రెండోదే ఎంచుకున్నాం, తన వాటా నెలకు 850. ఇంటివాళ్లు అడిగిన పూచీకి మా వారి జీతం రసీదులు, సోషల్ సెక్యూరిటీ నంబరు సరిపోయాయి. అక్కడ వీసా ప్రస్తావన రాలేదు.

అసలు చిక్కు తేదీల దగ్గర వస్తుంది. డిపాజిట్ సంతకం రోజే కట్టాలి. మొదటి అద్దె ఆగస్టులో ఇంట్లో దిగేలోపు కట్టాలి. ఫెడరల్ రుణం మాత్రం తరగతులు మొదలవడానికి 10 రోజుల కంటే ముందు విడుదల కాదు. తరగతులు మొదలయ్యేది ఆగస్టు నాలుగో వారంలో. ఆ డబ్బు విద్యార్థి చేతికి రాదు, కాలేజీ ఖాతాలో పడుతుంది. కాలేజీ ముందు తన ఫీజు పట్టుకుంటుంది, మిగులు ఉంటే 14 రోజుల్లోగా తిరిగి ఇస్తుంది. మా విషయంలో సెమిస్టరుకు వచ్చే 5,250 లో 1.057 శాతం రుసుము పోగా మిగిలేది సుమారు 5,194, సెమిస్టరు ఫీజు 14,397. మిగులు అన్న మాటే లేదు. కాబట్టి రుణంతో అద్దె కట్టడం అంటే, రుణాన్ని ఫీజులోకి పంపి, ఫీజు కోసం దాచిన జీతాన్ని అద్దెకు మళ్లించడమే. మిగతా ఫీజును వాయిదాల పద్ధతిలో పెట్టుకుంటే నెలవారీ భారం అద్దెతో పాటు సమంగా నడుస్తుంది. డిపాజిట్, మొదటి రెండు నెలల అద్దె మాత్రం రుణంతో సంబంధం లేకుండా వేసవికల్లా చేతిలో ఉండాలి.

గ్రీన్‌కార్డు ఉండి ప్లస్ రుణం తీసుకునేవారికి మిగులు వస్తుంది, అయినా తరగతులు మొదలయ్యాకే అనుకోండి. పైగా 2026 జులై 1 తర్వాత కొత్తగా తీసుకునే ప్లస్ రుణానికి ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్ల పరిమితి ఉంది. ఇంతకుముందు ఖర్చంతా ప్లస్ మీదే వేసుకునేవారు. ఇక వేరే రాష్ట్రం ఫీజుకు అది సరిపోకపోవచ్చు.

529 ఖాతా నుంచి బయటి ఇంటి అద్దె, తిండి ఖర్చు తీసుకోవచ్చు. అయితే కాలేజీ తన ఖర్చుల పట్టికలో బయట ఉండే విద్యార్థి వసతికి, తిండికి ఎంత వేసిందో అంతవరకే. దాటితే ఆ పైమొత్తంలోని లాభం మీద పన్ను, 10 శాతం జరిమానా పడతాయి. రుణాల గరిష్ఠ పరిమితికి కూడా ఆ పట్టికే ఆధారం. అందుకే ఇల్లు చూడకముందే ఆ అంకె కనుక్కున్నాం. అద్దె అందులో ఇమిడేలా ఇల్లు వెతకమని మా అమ్మాయికి చెప్పాం. అద్దె ఏ ఏడాది కడితే 529 నుంచి ఆ ఏడాదే తీయాలి కాబట్టి రసీదులన్నీ ఒక ఫోల్డర్‌లో దాస్తున్నాను.

ఇప్పుడు మా ముందున్నది వేసవి. ఒప్పందం 12 నెలలు, చదువు తొమ్మిది నెలలు. కనీసం సగం కోర్సు భారం లేని నెలలకు ఫెడరల్ రుణం లేదు, 529 నుంచి అద్దె తీయడానికీ వీల్లేదు. ఇంటర్న్‌షిప్ ఇంకో ఊళ్లో వస్తే రెండు అద్దెలు కట్టాలి. ఇంటివాళ్ల అనుమతితో గదిని వేసవికి వేరే విద్యార్థికి ఇవ్వవచ్చని ఒప్పందంలో ఉంది. అది చూశాకే సంతకం పెట్టింది. వేసవి క్లాసులు తీసుకునే ఒక అమ్మాయి నెలకు 600 ఇస్తానంది, మిగతా 250 మా అమ్మాయి తన జీతంలోంచి కడతానంటోంది. మూడో ఏడాదికి గరిష్ఠంగా 12,500 అడగవచ్చు. ఈసారి మా ఐ-797 గడువు జూన్‌లో ముగుస్తుంది, అందుకే పొడిగింపు కాగితం చేతికి రాగానే ఉత్తరం పంపడానికి అన్నీ సిద్ధం చేసి ఉంచాను.